కిరీటం కట్టిన చెయ్యే విప్పాలి

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, అదీ వంకరగా. నేను చెబుతుంటే మా ఎదురింటి టీచరమ్మ రాస్తున్నారు. మధ్యమధ్యలో ఆగి, ఈ మాట మోటుగా ఉంది పెద్దమ్మా, మార్చమంటావా అని అడుగుతున్నారు. వద్దన్నాను. నాటకాల్లో వేషాలు కట్టే పనిలోకి ఈ మధ్య ఆడపిల్లలు వస్తున్నారట. వాళ్లకు మర్యాద నేర్పడానికి ఊరంతా ఉంది. పని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లే లేరు.

కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోతుంటే అడవి దగ్గరపడే చోట మా ఊరు. మా పౌరాణిక నాటక సమాజంలో ముప్పై ఏళ్లకు పైగా వేషాలు కట్టాను. రంగు పూయడం, మీసం అంటించడం, కిరీటం బిగించడం, అన్నీ అయ్యాక మళ్లీ విప్పి పెట్టెలో సర్దడం. మోకాళ్లు అరిగిపోయి మానేశాను. రాముళ్లు, రావణులు ఎందరు నా చేతుల మీదుగా పోయారో గుర్తులేదు. గుర్తున్నవాళ్ల గురించే చెబుతాను.

పెట్టెలు

పేర్లు చదవలేను కాబట్టి పెట్టెల మీద బొమ్మలు వేయించుకున్నాను. విల్లు బొమ్మ ఉన్నది రాముడి పెట్టె. గద బొమ్మ ఉన్నది భీముడికీ హనుమంతుడికీ కలిపి. ఇద్దరూ గాలిదేవుడి కొడుకులే కదా, ఒక గదతో సర్దుకుంటారు. తలల బొమ్మ ఉన్నది రావణుడిది. అందులో తొమ్మిది తలలే ఉంటాయి. పదోది వేషం కట్టుకునేవాడు ఇంటి నుంచి తెచ్చుకుంటాడు.

ఆ తొమ్మిదీ పొనికి కర్రతో చేసినవి. తేలికగా ఉంటాయి, చెదలకు మహా ఇష్టం. ఒకసారి కుడివైపు చివరి తలను చెద తినేసింది. కొత్తది చేయించే తీరిక లేక రెండేళ్లు అట్లాగే ఆడించాం. చూసినవాళ్లు ఒక్కరూ లెక్కపెట్టలేదు. రావణుడు మాత్రం మెడ ఎడమవైపు లాగుతోందని నన్ను తిట్టేవాడు. ఆ రావణుడు మా ఆయనే.

మా ఆయన స్టేజీ మీద నవ్వితే ముందు వరుసలో పిల్లలు ఏడ్చేవాళ్లు. ఇంట్లో కూరలో ఉప్పు మరిచిపోతే చెప్పకుండా తిని లేచిపోయేవాడు. నేను తిన్నాక గానీ నాకు తెలిసేది కాదు. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్లంతా ఆ నవ్వు గురించే మాట్లాడారు. ఇంట్లో ఒక్కనాడూ వినలేదని వాళ్లకెట్లా చెప్పేది? తల ఊపుతూ కూర్చున్నాను.

ఎవడు ఏది అడుగుతాడు

ఈ పని చేస్తే మనుషుల లోపలి సంగతి తెలుస్తుంది. ఎవడు ఏ పెట్టె అడుగుతున్నాడో చూస్తే చాలు.

ఇంట్లో నోరు లేనివాడు తలల పెట్టె అడుగుతాడు. చిన్నప్పుడు ఎవరి చేతిలోనో దెబ్బలు తిన్నవాడు గద అడుగుతాడు. గద అడిగినవాళ్లలో ఒక్కడు కూడా బలంగా ఉన్నవాడు లేడు. అందరికీ నేనే పొట్ట మీద దిండు కట్టాను.

రాముడికి అందరూ మొక్కుతారు కానీ ఆ వేషం ఎవరూ అడగరు. ఎందుకంటే రాముడికి కేకలు ఉండవు. తండ్రి పొమ్మంటే పోవాలి. సగం నాటకం ఎదుటివాళ్ల మాటలు వింటూ నిలబడాలి. కాళ్లు లాగుతాయి. అందుకే ఎవరూ దొరక్కపోతే, కాదనలేని మనిషిని చూసి ఆ పెట్టె అంటగట్టేవాళ్లం.

ప్రతి మనిషి గొంతులోనూ ఒక మాట ఇరుక్కుని ఉంటుంది. అన్నతోనో, అత్తతోనో, పనిచేసే చోట పెద్దతోనో చెప్పాల్సిన మాట. కథలో వీరుడు వచ్చి ఆ మాట వాడి తరఫున గట్టిగా చెప్పేస్తాడు. చెప్పడం అయిపోయింది కదా అని చూసినవాడు చల్లగా ఇంటికి పోతాడు. వాడి మాట వాడి గొంతులోనే ఉంటుంది. నాకు ఇది తెలియడానికి ఒక పెద్ద తప్పు చేయాల్సి వచ్చింది.

మాస్టారు పెట్టిన నియమం

మా సమాజానికి పెద్ద దేవదానం మాస్టారు. హార్మోనియం వాయించేవారు. ఆదివారం చర్చిలో వాయించేవారు, మిగతా రోజులు మాకు. రాముడికి హారతి ఇచ్చేటప్పుడు బయటకు వెళ్లి నిలబడేవారు, కానీ హారతి ఆలస్యమైతే అందరికన్నా ముందు ఆయనే కసిరేవారు.

నియమం ఆయనదే. కిరీటానికి వెనక ఏడు ముళ్లు. ఏడో ముడి పడ్డాక హారతి. అక్కడి నుంచి ఆ మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. కన్నతల్లి అయినా సామీ అనాలి. ఇంటి సంగతులు ఎత్తకూడదు. నాటకం అయ్యాక, ముళ్లు వేసిన చెయ్యే విప్పాలి. విప్పి, ఇంటిపేరుతో సహా మూడుసార్లు పిలవాలి. వాడు 'ఆ' అంటేనే మళ్లీ మామూలు మనిషైనట్టు. మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఈ పద్ధతి తెలుసు.

కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఆయన ఒకసారి నన్ను పక్కకు పిలిచి చెప్పారు. "చెల్లెమ్మా, కట్టుడు అందరికి వస్తది. నీకు జీతం ఇచ్చేది ఇప్పేటందుకు."

నా తప్పు

సాంబయ్య మా ఊరి పశువుల దవాఖానాలో అటెండరు. బర్రెలతో, మేకలతో గంటలు మాట్లాడతాడు. మనుషుల ముందు నోరు పెగలదు. కాదనడం రాదు కాబట్టి ఆరేళ్లుగా రాముడు అతనే.

అతని భార్య సుగుణ జాకెట్లు కుట్టేది. మహిళా సంఘంలో తెచ్చుకున్న కుట్టుమిషన్ ఆమెది. సాంబయ్యకు ఒక అన్న, లచ్చయ్య. అన్నదమ్ములు ఒకే వాకిట్లో చెరో వైపు ఉంటారు. ఒకరోజు లచ్చయ్య ఆ మిషన్‌ను తన వైపు పెట్టించుకున్నాడు, తన భార్య నేర్చుకుంటుందని. ఉమ్మడి ఇల్లు కదా అన్నాడు. సుగుణ మొగుడి వైపు చూసింది. సాంబయ్య నేల వైపు చూశాడు. ఆమె జూలూరుపాడు పక్కన ఉన్న పుట్టింటికి వెళ్లిపోయింది. అన్నతో ఒక్క మాట, ఆ మిషన్ మాదని చెప్పినాకనే రమ్మనమని కబురు పెట్టింది. రెండు నెలలు గడిచాయి. ఆమె అక్కడే ఎక్కడైనా పని చూసుకుంటుందని, ఇక రాదని ఊళ్లో అనుకుంటున్నారు.

ఒక పొద్దున సాంబయ్య మా ఇంటికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, విల్లు పెట్టె ఒక్క దినం ఇయ్యి. సుగుణను తోల్కరావాలె."

"వేషం కట్టుకొని అత్తగారింటికి పోతవారా?"

"మామూలుగ పోతే నోరు రాదు. కట్టుకుంటే వస్తది. నువ్వు చూస్తలేవా?"

చూస్తూనే ఉన్నాను, ఆరేళ్లుగా. కిరీటం బిగించగానే వంగిన వీపు నిటారుగా అయ్యేది, సన్నటి గొంతు చివరి వరుస దాకా పోయేది. పైగా పెళ్లాన్ని తెచ్చుకోవడానికి సముద్రం దాటిన వేషం. నాకూ బాగుందనిపించింది. మాట చెప్పాల్సింది మీ అన్నకు కదా, అత్తగారింటికి ఎందుకు అని అడగాల్సింది. అడగలేదు. నాటకం లేని పూట, పట్టపగలు, నీలం పూసి, ఏడు ముళ్లు వేసి, హారతి ఇచ్చి పంపించాను. వెంట కూడా వెళ్లలేదు. ఆ రోజు రేషన్ షాపులో వేలిముద్ర వేయాలి.

షేర్ ఆటోలో వెనక ముగ్గురిని దింపి రాముడిని ఎక్కించుకున్నారట. విల్లు బయటకు చాచి పట్టుకున్నాడట.

వేలిముద్ర పడక నాలుగోసారి బొటనవేలు తుడుచుకుంటుంటే సుగుణ ఫోన్ చేసింది. "పెద్దమ్మా, కట్టింది నువ్వేనంట గద. వచ్చి ఇప్పుకపో" అని పెట్టేసింది.

జూలూరుపాడు దగ్గర

నేను వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో అడుగు పెట్టే చోటు లేదు. జరిగింది సుగుణే చెప్పింది.

సాంబయ్య ఆటో దిగగానే అత్తగారు పరుగున వెళ్లి హారతి పళ్లెం తెచ్చింది. అల్లుడని పోల్చలేదా అంటే పోల్చింది. కానీ కిరీటం ఉంది కదా. కాళ్లు కడిగి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. వాడు గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్న మామగారు ఆ కాళ్ల దగ్గరే కూర్చుని విసనకర్ర అందుకున్నాడు.

సాంబయ్య అదే మంచి సమయమనుకుని నోరు తెరిచాడు. నోరైతే వచ్చింది. కానీ ఆ వాకిట్లో అనాల్సిన మాట ఏ నాటకంలోనూ లేదు. వచ్చిన పద్యమల్లా ఒక్కటే, యుద్ధానికి రమ్మని శత్రువును పిలిచేది. అదే అత్తగారి ముఖం మీద రాగం తీసి పాడాడు. ఆమె చెంపలు వేసుకుంది. వీధిలోవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఇంకో వీధి వచ్చింది.

అప్పటి నుంచి వరుస. ఒకరికి వాన కావాలి. ఒకరికి ఆగిపోయిన పింఛను కావాలి. ఒక ముసలాయన తన పత్తి చేను మీదుగా పోయే కరెంటు స్తంభాన్ని జరపమన్నాడు. సాంబయ్య అందరికీ చెయ్యెత్తి దీవిస్తున్నాడు. పిల్లలు, పెద్దలు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. ఒకామె కుంటుతున్న మేకను తెచ్చి ముందు నిలబెట్టింది. అప్పుడు సాంబయ్య కుర్చీ దిగి, కాలు మడిచి చూసి, పద్యం గిద్యం లేకుండా చెప్పాడు. "గిట్టల నడుమ పుండైంది. ఎర్రమందు నీళ్లతోని కడిగి, తడి లేని జాగల కట్టెయ్యి. రేపు దవాఖానాకు తోల్కపో."

దేవుడు గిట్టల రోగం కూడా చెప్పాడని వాకిలంతా చేతులు జోడించింది. ఆ ఒక్క మాటే సాంబయ్యది. అదే దేవుడి ఖాతాలో పడింది.

సుగుణ వంటింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "మా అమ్మ పాయసం వండుతుంది. మా నాయిన ఇసురుతుండు. నేను పోయి అడుగుదామంటే సామితోని ఇంటి ముచ్చట తియ్యొద్దంటున్నరు. నా మొగుడు వచ్చిండా, రాలేదా? నువ్వే చెప్పు పెద్దమ్మా."

నేను జనాన్ని తోసుకుంటూ కుర్చీ వెనక్కి వెళ్లాను. ఇంకా ఎనిమిది మంది ఉన్నారు, ఆగమ్మా అని ఎవరో అరిచారు. ముళ్లు విప్పాను. ఇంటిపేరుతో పిలిచాను. పలకలేదు. రెండోసారి పిలిచాను. పలకలేదు. మూడోసారి పిలవబోతే రెండు చేతులతో కిరీటాన్ని నెత్తికి అదిమి పట్టుకున్నాడు.

"జరసేపు ఉండనియ్యి పెద్దమ్మా" అన్నాడు, నాకు ఒక్కదానికే వినబడేట్టు.

ఇన్నేళ్లలో ఎవరూ అట్లా అడగలేదు. అందరికీ ఎప్పుడెప్పుడు విప్పుతానా, ఎప్పుడు బీడీ ముట్టిద్దామా అనే ఉండేది. నా చేతులు ఆగిపోయాయి. విప్పేస్తే ఈ మనిషికి ఏం మిగులుతుందో నాకు తెలియదు. విప్పకపోతే సుగుణకు ఏమీ మిగలదు.

సుగుణ ముందుకు వచ్చింది. తల్లి కొంగు పట్టుకుని లాగినా ఆగలేదు.

"ఉంచుకోనియ్యి పెద్దమ్మా. రాముడు పెండ్లాన్ని తెచ్చుకున్నంక ఏం జేసిండో నాకు ఎర్కనే. గాయన నాకొద్దు. మేకకు పుండు యాడుందో చెప్పినాయన ఉంటే రమ్మను."

నేను మూడోసారి పిలిచాను.

కిరీటం మీది నుంచి చేతులు తీసి "ఆ" అన్నాడు.

కిరీటం నా చేతికి రాగానే మామగారు విసనకర్ర కింద పెట్టాడు. కుర్చీ లోపలికి పోయింది. పాయసం గిన్నె సగం దారిలోనే వెనక్కి తిరిగింది. కాళ్లు విరగ్గొట్టే సంగతి మామగారికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది, అటూ ఇటూ చూశాడు. కానీ ఇప్పటిదాకా ఆ కాళ్ల దగ్గరే కూర్చుని విసిరాడు, అందరూ చూశారు. దగ్గి ఊరుకున్నాడు.

నీలం ముఖం, చెమటకు అణగిపోయిన జుట్టు. ఆ వేషంలో అంత చిన్నగా సాంబయ్యను ఎప్పుడూ చూడలేదు. సుగుణ ముందు నిలబడి, "నాకు మా అన్నంటే భయం" అన్నాడు.

"నాకు గూడ భయమే. మిషన్ అయితే నాది" అంది సుగుణ. "నడువు. పక్కన నిలబడ్త. మాట మాత్రం నువ్వే చెప్పాలె."

లచ్చయ్య వాకిట్లో

ఊళ్లోకి వచ్చాక బోరింగు దగ్గర ఆటో ఆపించింది సుగుణ. ముఖం కడుక్కోమంది. సబ్బుకు ఆ నీలం పోదు, కొబ్బరినూనె పట్టించాలి. నూనె సీసా నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. నేను రుద్దాను, ఆమె నీళ్లు కొట్టింది. చెవుల వెనక నీలం పోనే లేదు. ఇట్లా వెళితే పోనీ, కొంచెం బెదురుతాడేమో అని నేను అన్నాను. ఇంకా నాకు బుద్ధి రాలేదు చూడండి. సుగుణ మళ్లీ రుద్దమంది.

లచ్చయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. ఒక చేత్తో ఫోన్, రెండో చెయ్యి గుండె మీద. తొంగి చూశాను. జూలూరుపాడు వీడియో. నీలం రాముడు మేక కాలు పట్టుకుని చూస్తున్నాడు. వెనక ఎవరో భక్తి పాట కలిపారు. లచ్చయ్య దాన్ని అప్పటికే తనకున్న గ్రూపులన్నిటికీ పంపాడట. దేవుడు దిగొచ్చాడు, పదిమందికి పంపకపోతే అరిష్టమని కూడా చేర్చాడట.

సాంబయ్య వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఒంటి మీద ఇంకా వేషం పట్టు పంచే.

"అన్నా, మిషన్" అన్నాడు.

"జరుగు, నీడ పడ్తుంది. సామిని చూడనియ్యి" అన్నాడు లచ్చయ్య, తల ఎత్తకుండానే.

సాంబయ్య కూడా ఫోన్ చూశాడు. తనను తాను చూసుకున్నాడు. ఒక్క మాట, ఆ సామిని నేనే అంటే చాలు. లచ్చయ్య మంచం దిగి కాళ్ల మీద పడేవాడు. మిషన్ తనే మోసుకొచ్చి పెట్టేవాడు. నాకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సాంబయ్యకూ వచ్చే ఉంటుంది, పెదవులు కదిలాయి. సుగుణ అతని వైపు చూడలేదు, నేల వైపు చూస్తూ నిలబడింది.

"మిషన్ మా ఆమెది అన్నా. తీస్కపోతున్నం" అన్నాడు సాంబయ్య.

చెప్పాల్సిన చోట చెప్పాల్సిన మాట, తన గొంతుతో. ఆ గొంతు సన్నగా, కీచుగా ఉంది. చివరి వరుస సంగతి సరే, పక్కింటికి కూడా వినబడి ఉండదు. లచ్చయ్యకు వినబడిందో లేదో మాకు తెలియదు. పాట నడుస్తోంది.

మొగుడూ పెళ్లాం లోపలికి వెళ్లారు. కాళ్లతో తొక్కే పాత రకం మిషన్, ఇనుప కాళ్లు, పిండిబస్తా అంత బరువు. చెరో వైపు పట్టుకుని బయటకు తెస్తుంటే గడపకు తగిలి కిర్రుమని మోగింది. లచ్చయ్య అప్పుడు తల ఎత్తాడు.

"ఎవర్ని అడిగి తీస్తున్నవ్‌రా?"

"నిన్నే. గిప్పుడే అడిగిన గద" అన్నాడు సాంబయ్య. మిషన్ దించలేదు. దించితే మళ్లీ ఎత్తలేడు.

లచ్చయ్య తమ్ముడి ముఖం చూశాడు. నూనె కారుతున్న ముఖం, చెవుల వెనక నీలం. మళ్లీ ఫోన్ చూశాడు. మళ్లీ తమ్ముడిని చూశాడు. పోల్చుకోలేదు. ఈ రోజుకీ పోల్చుకోలేదు.

"జల్దీ పోండి. ఈ చప్పుడుకు పాట ఇనబడ్తలేదు" అన్నాడు.

అంతే. ఇంత దానికోసం సముద్రం దాటే వేషం ఎందుకు కట్టానా అని నాకు సిగ్గేసింది. రెండు నెలల భయం, ఒక సంసారం విరిగిపోయేంత భయం, అవతలివాడికి ఒక పాట విలువ చేయలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల్లారా, ఎవరైనా పగటిపూట వచ్చి వేషం కట్టమంటే, ముందు కూర్చోబెట్టి, ఏ మాట ఎవరితో చెప్పాలో అడగండి. అదే మాట మీ ముందు మూడుసార్లు చెప్పించండి. పెట్టె తెరవాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఆ తర్వాత నేను అట్లా పదిమందిని వెనక్కి పంపాను. నలుగురు నన్ను తిట్టుకుంటూ పోయారు. మాస్టారు సంగతంతా విని, నెల రోజులు పెట్టెల తాళంచెవులు తన దగ్గర పెట్టుకున్నారు.

వాకిలి దాటడానికి పదిహేను అడుగులు. నాలుగుసార్లు ఆగారు. మిషన్ తమ వైపు వసారాలో దించాక సాంబయ్య అటు తిరిగి నడుం పట్టుకున్నాడు. అప్పుడు చూశాం, పట్టు పంచె వెనక జానెడు చినిగి ఉంది. మేక కొమ్ము తగిలిందో, కుర్చీకి పట్టిందో. అత్తగారి వాకిట్లోనూ, ఆటోలోనూ, అన్న ఎదుటా అట్లాగే నిలబడ్డాడన్నమాట. నాకు నవ్వాగలేదు. సుగుణ నవ్వలేదు.

"ఇడిసి ఇటియ్యి" అంది. "లోపల లుంగీ ఉంటది చూడు, నేను పెట్టిన కాడనే."

సాంబయ్య లుంగీ కట్టుకుని వచ్చాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి, రాముడి పంచె మిషన్ కింద పెట్టి తొక్కింది. బెల్టు జారుతోంది. అతను పక్కన గొంతుకూర్చుని, ఆమె తొక్కినంతసేపూ దాన్ని వేలితో సరిచేస్తూ ఉన్నాడు.